వెయిటింగ్ హాల్లో ఆగిన ఫ్యాన్

మంచిర్యాల స్టేషన్ వెయిటింగ్ హాల్లో, మండు వేసవిలో, రైలు కోసం చూస్తూ ఫోన్లో ఇంగ్లిష్ ప్రసంగం వింటున్నాను. భూమి వేడెక్కడం గురించి ఎవరో ఆవేశంగా మాట్లాడుతున్నారు. కొత్త మాట వచ్చినప్పుడల్లా ఆపి, పైకి అనుకోవడం నా అలవాటు. “ఫేజ్ అవుట్, ఫేజ్ అవుట్” అంటున్నాను.

“ఏయ్ పిల్లా, అంటే ఏంది?” అన్నాడు ఎదుటి బెంచీ మీద బొగ్గుగని బూట్లతో కూర్చున్న ఒకాయన, చిరాగ్గా.

“మెల్లమెల్లగ బంద్ చేసుడు.”

“ఏం బంద్ చేస్తరట?”

“బొగ్గుబాయిలు.”

ఆయన లేచి వెళ్లి ఫ్యాన్ ఆపేశాడు. “బొగ్గు బందయితె గిది గూడ బందే. ఇగ చదువుకో.”

నాకు ఒళ్లు మండింది. “గిదేమన్న మీ ఇంటి ఫ్యానా? మా బాపు గూడ బాయిలనే పనిచేస్తడు, నస్పూర్ల.”

“మరి మీ బాపుకు చెప్పినవా, గా మాట?”

లేచి ఫ్యాన్ వేశాను. ఆయన మళ్లీ ఆపాడు. రైలు వచ్చేదాకా ఇద్దరం చెమటలు కక్కుతూ, కొరకొరా చూసుకుంటూ కూర్చున్నాం.

బాపు ఇప్పటికీ డ్యూటీ నుంచి వచ్చి, ఫ్యాన్ కింద చెమట ఆర్చుకుంటూ అడుగుతాడు, “ఇయ్యాల ఏం కొత్త మాటలు నేర్చినవ్ బిడ్డా?” అని. ఆ ఒక్కటి తప్ప అన్నీ చెబుతాను.