లాజరు చూడని ముఖం

1996లో నిడదవోలు గోడల మీద రంగు అక్షరం ఎక్కడ కనిపించినా అది దాదాపుగా లాజరు చేతిదే. ఎరువుల ప్రకటన, చర్చి బోర్డు, స్టేషను దగ్గర సోడా కొట్టు పేరు, అన్నీ. ఆ ఏడాదే అతని కుడిచేతి చివరి రెండు వేళ్లూ మొద్దుబారాయి. కుంచె జారిపోతోంది. ఇంకో పని రాదు.

ఆరు నెలల్లో ఆరుసార్లు డాక్టర్ జగన్నాథరావు దగ్గరికి వెళ్లాడు. ఆయన కాగితం వైపే చూస్తూ "ఏంటి బాధ?" అనేవాడు. "వేళ్లండీ" అనేలోపే కలం కదిలేది. ప్రతిసారీ బలం మాత్రలే.

"చెయ్యి చూశాడా?" అని భార్య సూరమ్మ అడిగేది.

"చెయ్యేంటి, నన్నే చూళ్లేదు."

"ఆ మాత్రలు నేనూ రాసిస్తాను. రానూపోనూ రిక్షా మిగుల్తాది."

అంతలో డాక్టరే కబురు పెట్టాడు. ఆసుపత్రి వరండా గోడకు బొమ్మ కావాలట.

"రోగి చెయ్యి పట్టుకుని నేను నవ్వుతూ ఉండాలి. నిలువెత్తున వెయ్యి."

"ఫోటో ఇప్పించండి."

"ఆర్నెల్ల నుంచి వస్తున్నావు, నా ముఖం తెలీదా?"

"పాపిడైతే కళ్లు మూసుకుని వేస్తానండి. ముఖం ఎప్పుడు చూపించారు?"

డాక్టరుకు ఒళ్లు మండింది. "ఆదివారం రా. చూసుకుని ఏడు."

ప్రార్థన అయ్యాక లాజరు వెళ్లి నిచ్చెన వేశాడు. డాక్టరు ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

"నవ్వాను, వేసుకో."

"అది నవ్వు కాదండి, పళ్లు చూపిస్తున్నారు. కదలకండి."

చేతిలో కలం లేదు, ఎదుట రోగులు లేరు. గత్యంతరం లేక డాక్టరు లాజరునే చూస్తూ కూర్చున్నాడు. పావుగంట గడిచింది.

"ఆ మోచెయ్యి ఎప్పుడూ అలాగే మెట్టు మీద ఆన్చుతావా?"

"ముప్ఫయ్యేళ్లుగా అంతేనండి. ఆన్చకపోతే గీత నిలవదు."

డాక్టరు లేచొచ్చి మోచేతి లోపలి వైపు వేలితో తట్టాడు. చిటికెన వేలి దాకా జివ్వుమంది.

"వేళ్లు మొద్దుబారుతున్నాయా?"

లాజరు కుంచెను డబ్బాలో పడేశాడు. "ఆర్నెల్లుగా మరి ఏం చెప్తున్నాననుకున్నారండీ?"

"గట్టిగా చెప్పాలి కదయ్యా!"

నరం నలుగుతోందన్నాడు డాక్టరు. మోచెయ్యి ఎక్కడా ఆన్చొద్దు, పడుకునేటప్పుడు ముడవకుండా గుడ్డ చుట్టుకో, ఆరు వారాల్లో తగ్గకపోతే కాకినాడలో ఆపరేషనే అన్నాడు. మోచెయ్యి ఆన్చకుండా బొమ్మ పూర్తి చెయ్యడానికి లాజరుకు రెట్టింపు రోజులు పట్టాయి. బొమ్మలో డాక్టరు నవ్వడం లేదు. నుదురు చిట్లించి రోగి మోచేతిని చూస్తున్నాడు.

"నవ్వుతూ వెయ్యమన్నాను కదా?"

"నవ్వినప్పుడు మీరు నన్ను చూళ్లేదండి."

ఆరు వారాలకు లాజరు మళ్లీ డాక్టరు బల్ల ముందు, రోగుల స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏంటి బాధ?" అంది పాపిడి.

లాజరు మాట్లాడలేదు. కలం సగం గీత గీసి ఆగింది. తల పైకి లేచింది.

"నోరు లేదేంటయ్యా?"

"మీరు చూస్తారేమోనని ఆగానండి. చిటికెన వేలికి చురుకు తెలుస్తోంది. రెండోది ఇంకా మొద్దుగానే ఉంది. చూడండి."

డాక్టరు కలం పక్కన పెట్టి చెయ్యి చాపాడు.