ఒకే బండి మీద ఇద్దరు

సైదాబాద్‌లో నాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. పొద్దున షట్టరు ఎత్తి, మెట్ల మీద నీళ్లు చల్లి కూర్చున్నాక బోణీ అయ్యేదాకా రోడ్డు చూడటమే నా పని. అట్లా చూస్తుండగా ఒక వింత కంటపడింది. తోపుడుబండ్ల దగ్గర రోజువారీ ఫీజు వసూలు చేసే మున్సిపాలిటీ మనిషి ఎప్పుడూ తన పాత స్కూటరు మీద ఒక్కడే వచ్చేవాడు. ఈమధ్య మంగళవారాలు మాత్రం ఎవరిదో కొత్త మోటారుసైకిలు వెనక కూర్చుని దిగుతున్నాడు. బండి నడిపే కుర్రవాడి మెడలో ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ కార్డు వేలాడుతోంది.

ఒకడు సర్కారు మనిషి, ఒకడు అప్పులవాడు. మరి పెట్రోలు ఎవరిది? నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే. దుకాణాల మధ్య పెరిగినవాడికి ఇంతకన్నా పెద్ద అనుమానాలు ఒక పట్టాన రావు.

నా మెట్లకు ఎదురుగా ఇరవై ఏళ్లుగా ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు అమ్ముతున్న అక్కను అడిగాను.

“అక్కా, వాళ్లిద్దరు చుట్టాలా ఏంది?”

“నాకేమెరుక సేటూ! ఒకడు చిట్టి చింపిస్తడు, ఇంకొకడు కిస్తీ పట్కపోతడు.”

సంగతి మెల్లమెల్లగా చెప్పింది. బండి పెట్టుకునే కార్డు కోసం ఆమె వార్డు ఆఫీసుకు వెళ్లింది. కార్డులిచ్చే కిటికీ పక్కనే, ఫ్యాను కింద, ఇంకో టేబులు ఉంది. ముందు అక్కడ వేలిముద్ర వేసి రమ్మన్నారు. సర్కారు లోను కాబోలు అనుకుని వేసింది. ఖాతాలో ఇరవై వేలు పడ్డాయి. వారానికి వెయ్యి చొప్పున ఇరవై అయిదు వారాలు కట్టాలి. తొమ్మిది వారాలు కట్టింది. ఆపైన వానలకు సరుకు కుళ్లిపోయింది.

“ఇప్పుడు కట్టకుంటే ఏమైతది?”

“కార్డు క్యాన్సల్ అంటున్నడు మున్సిపాలిటాయన. కార్డు లేకుంటే లారీ వచ్చి బండి ఎత్తుకపోతది. ఇగ నేను ఏడ నిలవడాలె?”

నాలోని బేరగాడు నిద్ర లేచాడు. మాది కార్వాన్‌లో బట్టల వ్యాపారం చేసిన ఇల్లు. నడక నేర్చిన నాటి నుంచి బేరం వింటున్నాను. తరువాతి మంగళవారం మోటారుసైకిలు ఆగగానే మెట్లు దిగాను.

“భాయ్, వానలల్ల వెయ్యి ఎట్ల కడ్తది? జెర తగ్గించు.”

“ఎంత చెయ్యమంటరు సేటూ?”

“ఏడొందలు.”

“సరే, మీ మాట ఎందుకు కాదనాలె.” వెంటనే ట్యాబు తీశాడు, అక్క వేలు పెట్టించాడు, ఒక కాగితం చేతికిచ్చాడు. మున్సిపాలిటీ మనిషి వెనక సీటు మీద నుంచి నన్ను మెచ్చుకోలుగా చూశాడు. అక్క నాకు పావుకిలో ఎల్లిగడ్డ ఊరికే ఇచ్చింది.

మధ్యాహ్నం దుకాణం వెనకే ఉన్న ఇంట్లో అన్నం తింటూ నా ప్రతాపం మా ఆవిడకు వినిపించాను. ఆమె పులుసు పోస్తూ ఒక్క మాట అడిగింది.

“ఎన్ని వారాలంట?”

ఆ సంగతే నేను అడగలేదు. మా బాపు ఎదుటివాడు మొదటి మాటకే ఒప్పుకున్నాడంటే బట్ట మళ్లీ విప్పి, గజం కర్ర పెట్టి మొదటి నుంచీ కొలిచేవాడు. నేను చెయ్యి కడుక్కుని రోడ్డు దాటి వెళ్లి కాగితం చూశాను. నలభై వారాలు. పదహారు వారాల్లో పదహారు వేలతో తీరిపోయే అప్పును నా నోటితో ఇరవై ఎనిమిది వేలు చేశాను. బేరగాళ్లం ఎదుటివాడు చెప్పిన అంకె మీదకే దూకుతాం. చెప్పని అంకె ఒకటి ఉంటుందని గుర్తుండదు.

మా ఆవిడ అడిగిన మాటతో సహా అక్కకు చెప్పాను. ఉల్లిగడ్డల పొట్టు తీస్తూ వింది.

“ఎల్లిగడ్డ వాపస్ ఇయ్యి సేటూ,” అంది.

తప్పు దిద్దుకోవాలని కొంత, ఆ టేబులు చూడాలని ఎక్కువ, వార్డు ఆఫీసుకు వెళ్లాను. నిజంగానే ఫ్యాను కింద ఉంది. ఆఫీసులో తిరుగుతున్న ఫ్యాను అదొక్కటే. దుకాణం ముందు మూడు అడుగుల జాగాకు కిరాయి కట్టేవాణ్ని నేను. ఈ టేబులుకు ఎవరు ఎవరికి ఎంత కడుతున్నారు?

“సార్, ఈ టేబుల్ కిరాయి ఎంత?” అని కిటికీలోని ఉద్యోగిని అడిగాను.

“నీకెందుకయ్యా? నువ్వు పెడ్తవా ఏంది ఇక్కడ దుకాణం?”

“కిస్తీ కట్టకుంటే కార్డు పోతదంట, నిజమేనా?”

“పోయినట్టే అనుకో.”

“జెర రాసిస్తరా సార్?”

“గట్ల రాసిచ్చుడు ఉండదు. పో, లైన్ ఆగింది.”

ధర చెప్పి బిల్లు రాయనంటే ఏమిటో నాకు బాగా తెలుసు. గిరాకీ ఎక్కువ ఉన్న రోజుల్లో నేను కూడా రాయను.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదామని వరుసలోని బండ్లవాళ్లకు చెప్పాను. రెండే ప్రశ్నలు. అప్పు కట్టకపోతే కార్డు రద్దు చేయాలని ఏ ఉత్తర్వులో ఉంది? ఆఫీసులో ఆ టేబులు ఎవరి అనుమతితో, ఎంత కిరాయికి పెట్టారు? అందరూ మంచి మాటే అన్నారు. కలం ఇస్తే మాత్రం ఎవరూ పట్టుకోలేదు.

“మీ పేరే పెట్టుండ్రి సేటూ, మీకు దుకాణం ఉన్నది,” అన్నాడు చెప్పులు కుట్టే పెద్దాయన.

నా ట్రేడు లైసెన్సు కూడా అదే కిటికీలో రిన్యూ అవుతుందని గొణిగాను.

“మస్తు ధైర్యం ఉన్నది మా సేటుకు,” అంది అక్క. కలం లాక్కుని మొదటి సంతకం తనే పెట్టింది. ఆమె పెట్టాక వరుసగా పదకొండు మంది పెట్టారు. పదమూడోది నాది, కొంచెం చిన్న అక్షరాలతో. దరఖాస్తుకు జతచేసిన పది రూపాయల పోస్టల్ ఆర్డరు నా జన్మలో బేరం ఆడకుండా కొన్న కొద్ది సరుకుల్లో ఒకటి.

జవాబు రావడానికి నెల పైనే పట్టింది. ఈలోగా అక్క ఆరు వారాలు ఏడొందల చొప్పున కట్టింది. మొదటి ప్రశ్నకు: “అట్టి ఉత్తర్వు ఈ కార్యాలయమునందు లేదు.” రెండోదానికి: “సమాచారము లేదు.” కళ్లెదుట ఉన్న టేబులు గురించి సమాచారం లేకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దాని మీద అప్పీలు పెట్టాను, చూద్దాం.

జవాబును జిరాక్సు తీయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, పన్నెండు బండ్లకూ నిమ్మకాయ మిరపకాయల పక్కన వేలాడదీశాం. ఆ మంగళవారం మున్సిపాలిటీ మనిషి పాత స్కూటరు మీద ఒక్కడే వచ్చాడు. కాగితం చదివాడు, చిట్టీలు చింపి ఇచ్చాడు, వెళ్లిపోయాడు. అరగంట తరువాత కుర్రవాడు తన మోటారుసైకిలు మీద వచ్చాడు. వెనక సీటు ఖాళీ.

“అక్కా, కిస్తీ. లేకుంటే కార్డు...”

అక్క కవరు మీద వేలితో కొట్టింది. “కార్డు ముచ్చట గీడ రాసున్నది. నీ ముచ్చట చెప్పు. నీ రెండో కాయితం నాకెవ్వలు చదివి చెప్పిండ్రు? మొదటి కాయితం లెక్కల నేను ఇయ్యాల్సింది పదహారు వేలు. ఆరు వారాలు కట్టిన. పదకొండు వేల ఎనిమిదొందలున్నది. అది ఇస్త, ఎక్కువ రూపాయి ఇయ్య.”

కుర్రవాడు నా వైపు తిరిగాడు. “సేటూ, మీరన్న జెర చెప్పుండ్రి.”

నేను నోరు తెరిచాను.

“సేటూ, నీకు దండం పెడ్త, నువ్వు మాట్లాడకు. నువ్వు నోరు తెరిస్తే నాకు పన్నెండు వేలు పడ్తది!”

బండ్ల వరుస మొత్తం నవ్వింది. ఆఫీసులో అడిగి చెబుతానన్నాడు కుర్రవాడు.

“అడుగు పో. నాకింక బోణీ కాలే, పక్కకు జరుగు.”

అడిగి చెబుతానన్నాడంటే బేరం మొదలైనట్టే అని నాకు తెలుసు. ఈసారి నోరు మెదపలేదు. మరుసటి మంగళవారం అతను కొత్త కాగితం తెచ్చాడు. పదకొండు వేల ఎనిమిది వందలని, పాత కాగితం రద్దని రాసి ఉందన్నాడు. అక్క వేలు కొంగులో దాచుకుని, దాన్ని చదివి వినిపించడానికి మనిషి కావాలంది. నేను కళ్లద్దాలు పెట్టుకుని మెట్లు దిగబోయాను.

“నువ్వు కాదు సేటూ,” అంది. “ఇంట్లకెళ్లి వదినెను పిలువు.”