పువ్వును చూసి విండోస్ పేరు చెప్పిన!

నవ్వితే నవ్వుండ్రి గానీ, మొన్న శనివారం నా ఇజ్జత్ మొత్తం ఒక్క ఫోన్ కాల్‌ల పోయింది. పోతే పోయింది, నా దుకాణంల పనిచేసే అక్క, మా రజియా ఆపా సత్తా ఏందో గా రోజే తెల్సింది.

గద్వాలల నాది చీరల డిజైన్ల దుకాణం. కంప్యూటర్ల నేను డిజైన్ గీస్త, దాన్ని చూసుకుంట ఆపా జకార్డ్ అట్టలకు చిల్లులు కొడ్తది. గా అట్టలు కట్టినంకనే మగ్గం మీద పువ్వు పడ్తది. శనివారం పొద్దుగాల చూస్తే డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటనే లేదు! ఎదురుంగ ధరూర్ నుంచి వచ్చిన నేతన్న, మా నర్సింలన్న కూసున్నడు. పెండ్లి చీర. సాయంత్రానికి అట్టలు పట్కపోకుంటే ఆ చీర ఇంకొకరి మగ్గానికి పోతది.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ కొట్టిన. అక్కడి సార్ మంచిగనే అడిగిండు: "మీ సిస్టంలో విండోస్ ఏ వెర్షన్ ఉందండీ? దాన్నిబట్టి రిపేర్ ఫైల్ పంపిస్తాను."

తెల్వదు అనొచ్చు కదా! నర్సింలన్న ముంగట ఎట్లంటం? సీపీయూ మీద విండోస్ సెవెన్ అని పాత స్టిక్కర్ చూసిన. "సెవెన్ సార్!" అన్న జోర్దార్‌గ. ఫైల్ పంపిండు. ఎక్కలే.

అంచు, బుట్టా చూసి చీర ఏ ఊర్ల నేసిండ్రో చెప్పేటోన్ని నేను. తెర మీద నీలం పువ్వు కనబడ్డది. అచ్చం గదే పువ్వు వనపర్తిల మా దోస్తు కంప్యూటర్ల చూసిన, అది లెవన్. "సారీ సార్, లెవన్!" అన్న. ఇంకో ఫైల్ వచ్చింది. అది గూడ ఎక్కలే! అప్పుడు యాదికొచ్చింది, పువ్వు బాగుందని మా బిడ్డ నెట్‌లకెల్లి దించి పెట్టిందని.

"ఈ రోజు ఒంటిగంటకే ఆఫీస్ క్లోజ్ అండీ" అంటుండు సార్. పన్నెండున్నర అయితుంది. నర్సింలన్న లేసి చెప్పులు తొడుక్కుంటుండు. "వేరే తాన కొట్టిచ్చుకుంట తమ్మీ" అన్నడు. నేను ఫోన్‌ల గబగబ అన్న: "ఎయిట్ కావొచ్చు సార్..."

ఆపా చేతుల పని పక్కకు వెట్టి వచ్చింది. "కవర్ మీద బొమ్మ చూసి లోపలి చీర ఏందో చెప్తవా తమ్మీ? ఫోన్ ఇట్లియ్యి."

"సార్, మాకు తెల్వదు. ఎట్ల తెల్సుకోవాల్నో జర చెప్పుండ్రి."

అంతే! గంట సంది నా నోట్లకెల్లి రాని మాట! ఆయన చెప్తుంటే ఆపా విండోస్ బటన్, ఆర్ బటన్ కలిపి ఒత్తింది. చిన్న డబ్బా వచ్చింది. దాంట్ల ఒక్క వేలుతోని డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ కొట్టి ఎంటర్ చేసింది. తెర మీద పెద్దగ విండోస్ టెన్! కింద వెర్షన్ నంబర్ సుత ఉంది. ఆపా ఒక్కో అక్షరం చదివి చెప్పింది. ఫైల్ వచ్చింది, ఎక్కింది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. తెల్వనిది తెల్వదనాలంటే ఎంత ధైర్యం గావాలె! నిజంగ దండం పెట్టాలనిపించింది.

అటెంక సాయంత్రం దాక ఆపా తల ఎత్తకుండ అట్టలు కొట్టింది, నర్సింలన్న ఆరు గంటల బస్సుకు మూట పట్టుకొని పోయిండు. నా కత మాత్రం మధ్యాహ్నం ఫోన్‌లనే ఒడిసింది. ఫోన్ పెట్టే ముందు సార్ ఆపాను అడిగిండు: "మేడమ్, ఇందాక మాట్లాడినాయన ఎవరండీ?"

ఆపా నా మొఖం చూసింది. పాపం, నన్ను కాపాడాలనుకున్నది. "కొత్తగ చేరిండు సార్, నేర్చుకుంటుండు" అని ఫోన్ నా చేతికిచ్చింది.

పన్నెండేండ్ల సంది గా దుకాణం ఓనర్‌ను నేను! ఫోన్ చెవికి వెట్టుకున్న.

"అవును సార్, ఇయ్యాల్నే మొదటి రోజు" అన్న.