సైన్సు టీచరమ్మ సైకిలు

సైన్సు టీచరమ్మకు చేతిలో సుద్దముక్క లేనిదే మాట పెగలదు. ఇంట్లో కూరగాయలు తరిగేటప్పుడు కూడా చాకు కొనతో గాలిలో బొమ్మలు గీస్తూనే మాట్లాడుతుంది. కదిలే సైకిలు ఎందుకు పడిపోదో ఏళ్ల తరబడి బోర్డు మీద బాణాలు వేసి చెప్పిన ఆ మనిషి, సైకిలెక్కింది మాత్రం మొన్న ఆదివారమే. వెనక సీటు పట్టుకుని పరుగెడుతున్న భర్తకు ఆ పాఠమే చెబుతూ పార్కు చుట్టూ తొక్కింది. కాసేపటికి "అర్థమైందాండీ?" అని వెనక్కి చూస్తే ఆయన ఆమడ దూరంలో నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. బ్రేకు సంగతే మరిచిపోయి, "ఎలా ఆపాలండీ దీన్ని!" అని కేకలు పెట్టింది. గోడెక్కి చూస్తున్న ఆవిడ క్లాసు పిల్లలు అందుకున్నారు: "తొక్కడం మానెయ్యండి టీచర్! ఘర్షణే ఆపేస్తుంది, మీరే చెప్పారుగా!" మానేసింది. సైకిలు నెమ్మదించి, ఎంతో మర్యాదగా ఆవిడను కంకర మీదికి ఒరిగించింది. లేవకుండానే పడీపడీ నవ్వింది టీచరమ్మ. మర్నాడు క్లాసులో "ఘర్షణ అంటే ఏంటి?" అని తనే అడిగి, సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, గీరుకుపోయిన అరచెయ్యి తెరిచింది.

"ముందు ఇది చూడండి. నిర్వచనం తర్వాత రాసుకుందాం."