అరకు నుంచి కొసరుగా వచ్చిన తీగ

హుస్సేనీ ఆలంలో మాది మసాలా దినుసుల దుకాణం. మిరియాల ధర పెరిగినప్పుడల్లా దళారులను తిట్టడం నా పని. మొన్న నోరు జారి, ఉప్పుగూడలో మన ఇంటి వాకిట్లోనే మిరియాలు పండిస్తానన్నాను. అమ్మ జీలకర్ర జల్లించడం ఆపలేదు.

"తీగ బతికితే గల్లా మీద నువ్వే కూసో. సస్తే మీ బావ కూసుంటడు, నువ్వు మూటలు మొయ్."

మా బావ కొనేవాళ్లు అడగకముందే ధర తగ్గించే మనిషి. అందుకే తీగ కోసం అరకు బయలుదేరాను.

సాయంత్రం సికింద్రాబాద్‌లో బండెక్కి తెల్లారి విశాఖలో దిగాను. ఏడింటికి ముందే అరకు పాసింజర్. సొరంగాలు దాటేకొద్దీ చలి పెరిగింది. వెళ్లేవాళ్లు స్వెట్టరు పట్టుకెళ్లండి, నాలా తువ్వాలు చెవులకు చుట్టుకోకండి. పదకొండింటికి అరకులో దిగి ఆటో అతన్ని సగం ధరకు ఒప్పించాను. సగం దూరంలో దింపేశాడు.

మిగతా దారి నడిస్తే కాఫీ తోట వచ్చింది. పెద్ద చెట్లకు మిరియాల తీగలు పాకి ఉన్నాయి. తోట చూసుకునే ముసలామె దగ్గర రెండు కిలోల మిరియాలు కొని, మా బజారు అలవాటు కొద్దీ కొసరుగా ఒక తీగ అడిగాను. సంచిలో నాటినది ఒకటి ఇచ్చింది.

"మీ ఊళ్లో నీడుందేటి బాబూ? మంచు పడతాదా?"

"మా తాన ఎండ మస్తుంటది అవ్వా. ఇంకా జల్ది పెరుగుతది."

నవ్వి, మిరియాలు మూట కట్టింది.

ఆ సాయంత్రమే విశాఖలో తిరుగు బండి. పక్క సీట్లో అరకు బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ, ఏదో శిక్షణకు హైదరాబాద్ వస్తున్నారు. తెల్లారి చూస్తే తీగకు రెండాకులు లేవు, ఒక గొంగళిపురుగు ఉంది. కొసరు మీద కొసరు.

"రెండాకులు తిన్నది మేడం, ఒళ్లు జూస్తే గింతే. తిన్నదంత ఏడవోయింది?"

"కొంత అరగకుండా పోతుంది. పాకడానికీ ఊపిరికీ ఇంకొంత. ఒంట్లో నిలిచేది కాస్తే. ఈ పురుగును తిన్న పిట్టకు అందులోనూ కాస్తే."

"అంటే నడుమ ఎవ్వడూ దొంగ కాదంటరు."

"అందరికీ బతకడానికయ్యే ఖర్చండీ."

ఇన్నేళ్లు నేను దళారులను తిట్టింది ఆ ఖర్చుకే. బేరం మార్చాను.

"ఎండెక్కువుంటే ఆకు తిండి ఎక్కువ సంపాదిస్తది గద?"

"తేమ ఉంటేనే. ఇది చెట్ల నీడలో, మంచులో పెరిగేది. మీ వైపు తుమ్మచెట్టుకు అంత చిన్న ఆకులు ఎందుకనుకున్నారు? ఉన్న నీళ్లు ఆవిరి కాకుండా."

వరంగల్ దాటాక కిటికీలోంచి ఎండ పడింది. తీగ తల వాల్చింది. మనుషులతో ఎంతైనా బేరమాడగలను. గాలిలో తేమ కావాలంటే ఎవరి కొట్టుకు వెళ్లాలి?

"మేడం, వాపసు ఎప్పుడు పోతరు?"

"ఆదివారం."

సంచి ఆమె చేతిలో పెట్టాను. "దాని ఊళ్లనే నాటుండ్రి."

"ఎంతివ్వమంటారు?"

ఆ మాట ఎవరడిగినా నా నోట వెంటనే ఒక అంకె వచ్చేది. ఈసారి వేరే మాట వచ్చింది.

"పురుగును గూడ తీస్కపోండ్రి. కొసరు."

సికింద్రాబాద్‌లో దిగి ఎం.ఎం.టి.ఎస్. ఎక్కాను. మలక్‌పేట దాటుతుంటే పట్టాల పక్కన తుమ్మచెట్టు, ఎవరూ నీళ్లు పోయకపోయినా పచ్చగా నిలబడి ఉంది. ఇన్నేళ్లుగా ఈ దారిన తిరుగుతూ దాని ఆకు ఎంతుంటుందో చూడనేలేదు.

ఉప్పుగూడలో దిగి మిరియాల మూట భుజాన వేసుకున్నాను. రేపటి నుంచి గల్లా మీద బావ, మూటల కింద నేను కదా, ఇప్పటి నుంచే అలవాటు కావాలి.