వీపు మీద కండె

సిరిసిల్లలో నా చిన్నప్పుడు ఒక డాక్టర్ సాబ్ ఉండేవారు. నిద్ర సరిగా లేదని ఎవరొచ్చినా, ఆయన రోగిని ఒక్క మాటా అడిగేవారు కాదు. కుర్చీ తిప్పుకొని వెంట వచ్చినవాళ్ళతో మాట్లాడేవారు. "నిద్రవొయినోనికి ఏం తెలుస్తది? పక్కన పండుకున్నోళ్లే చెప్పాలె" అనేవారు.

మేం బాపు అని పిలిచే మా నాన్న పట్టపగలే మగ్గం మీద కునికేవాడు. పోగులు తెగిపోయేవి. వాడకట్టంతా ఆయన్ని సోమరి అనేది. అందరికన్నా గట్టిగా మా అవ్వే, అంటే మా అమ్మే, అనేది. నేతకు నూలిచ్చే సేటు ఇక ఇవ్వనన్నాక అవ్వ బాపునూ నన్నూ వెంటబెట్టుకొని దవాఖానకు వెళ్ళింది.

డాక్టర్ సాబ్ అవ్వ వైపు తిరిగారు. "గురక పెడ్తడా?"

"ఇల్లెగిరిపోతది సాబ్. నడుమల ఊపిరి ఆగినట్లయితది, నాకు భయమైతది."

"ఎట్ల పండుకుంటడు?"

"ఎల్లెలుకల."

"గీయన సోమరి కాదమ్మా. రాత్రంత ఊపిరి కోసం కొట్లాడుతుండు. ఇగ నిద్రెక్కడిది?"

మందేమీ రాయలేదు. వెల్లకిలా తిరిగితే గుచ్చుకొనేలా, బాపు బనీను వీపున నూలు చుట్టే కండె ఒకటి కుట్టమన్నారు. అవ్వ ఇంటికి రాగానే సూది తీసింది.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళాం. బాపు హుషారుగా ఏదో చెప్పబోయాడు. డాక్టర్ సాబ్ చెయ్యెత్తి ఆపి, కుర్చీ తిప్పారు.

"ఇప్పుడెట్ల పండుకుంటుండమ్మా?"

"పక్కకు తిరిగి, సాబ్."

"ఏ పక్కకు?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా దిక్కే."