గంటలో హైదరాబాద్

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరైనా గుమ్మం దాటుతుంటే ఎప్పుడొస్తావని అడగనిచ్చేవారు కాదు. ఫిషింగ్ హార్బర్ వెనక మా సందులో అన్నీ చేపల వేటకెళ్ళే ఇళ్ళే. నాన్న బోటెక్కే రోజున నేను నోరు తెరవబోతే మా నాయనమ్మ కళ్ళతోనే మూయించేది. అందుకని అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని హైదరాబాద్ బయల్దేరినప్పుడు కూడా నేనేమీ అడగలేదు.

తమ్ముడికి పుట్టుకతోనే గుండెలో లోపం. నాలుగడుగులు వేస్తే పెదాలు నల్లబడేవి. ఆపరేషన్ హైదరాబాద్‌లోనే చేయాలన్నారు, రైల్లో అంతసేపు వద్దన్నారు. బోటు ఓనరు రానూపోనూ విమానం టికెట్లు తీసిచ్చాడు. నాన్న అప్పటికి వేటలో ఉన్నాడు, మామయ్య తోడు వెళ్ళాడు. మా సందులో మొదట విమానం ఎక్కింది మా అమ్మే, నలిగిన చీరలో, చంకలో పిల్లాడితో.

అడగకూడని మాట అడక్కుండానే తెలుసుకోవాలనుకున్నాను. ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే పక్కింటి అక్కని, హైదరాబాద్‌కి విమానం ఎంతసేపట్లో వెళ్తుందని అడిగాను. ఆరేడు వందల కిలోమీటర్లట, రైలుకి రాత్రంతా పడుతుందట, విమానానికి గంట చాలట. ఇంకేం, నా లెక్క నేను వేసేసుకున్నాను. పోను గంట, రాను గంట, మధ్యలో డాక్టరు. సాయంత్రానికి తమ్ముడి చాప పరిచి, వాడికిష్టమైన నెత్తళ్ళ చేపల వేపుడు గిన్నెలో తీసి మూతపెట్టాను. నాయనమ్మ చూసింది. చీకటి పడ్డాక ఆ గిన్నె నా ముందే పెట్టి తినమంది. తిన్నాను. రుచి తెలియలేదు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకు సరిగ్గా గుర్తులేదు. బడికి వెళ్ళాను, వచ్చాను. పైన విమానం చప్పుడైతే మొదట్లో తలెత్తేదాన్ని, తర్వాత అదీ మానేశాను. భయం లేదు, ఏడుపు రాదు. నన్ను ఎవరో ఐసు పెట్టెలో పెట్టి మూత వేసినట్టు ఉండేది.

నాన్న వేట నుంచి రాకముందే, ఒక పొద్దున్న అమ్మ ఆటో దిగింది. చంక ఖాళీగా ఉంది. ఆపరేషన్ బల్ల మీదే పోయాడనీ, అక్కడే మట్టిలో పెట్టి వచ్చామనీ మామయ్య వాకిట్లోనే నాయనమ్మకి చెప్పాడు. ఆవిడ అక్కడే కూలబడింది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. అమ్మ జుట్టు నిండా రైలు దుమ్ము కనబడింది. టికెట్లు ఉన్నాయి కదా, రైల్లో ఎందుకు వచ్చిందా అని తోచింది. అదే అడిగాను.

"ఇమానంలో రాలేదేటమ్మా?"

అమ్మ నన్ను దగ్గరకి లాక్కుంది.

"ఇమానమైతే గంటలో నీ ముందుండాల. నీకేటి సెప్పాలో నాకు తెల్లేదే. రైలైతే రేతిరంతా ఉంటాది కదాని అదెక్కేసినాను."

అప్పుడు ఏడ్చాను. తమ్ముడి కోసమో, నాకెలా చెప్పాలా అని రాత్రంతా మేలుకుని వచ్చిన అమ్మ కోసమో ఇప్పటికీ చెప్పలేను.

ఇప్పుడు మా అబ్బాయి ఫోన్లోనే విమానం టికెట్లు తీసేస్తాడు. పెళ్ళికో పేరంటానికో అయితే నేనూ హాయిగా ఎక్కుతాను. చావు కబురు మోసుకెళ్ళాల్సి వస్తే మాత్రం రైలుకే తీయమంటాను. వాడు విసుక్కుంటాడు. అయినవాళ్ళ ముఖం చూసి అలాంటి మాట చెప్పడానికి నాకు ఒక రాత్రి కావాలి. ఆ రాత్రి అమ్మకి సరిపోయిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.